నులివెచ్చన

మూడు గంజుల బువ్వ వండుత నేను,
దేవరకొండ హాస్టల్ల,
రెండొందల పదహారు మంది ఆడపిల్లలకు.
పన్నెండేండ్ల సంది
ఒక్క మెతుకు పలుకు మీద దిగలే.

ఆ రాత్రి కరెంటు పోయి
పిల్లలు సగం తిని పండుకున్నరు.
అర గంజు మిగిలింది.
బువ్వ పారబోసే చెయ్యి కాదు నాది.
మా అవ్వ గంజిల మెతుకులు లెక్కవెట్టి పోసిన ఇల్లు మాది.
మూత పెట్టిన. మూత మీద దుప్పటి,
దుప్పటి మీద గోనెసంచి.
సలికాలం చంటిపిల్లను కప్పినట్టు కప్పిన.

మబ్బుల లేసి చెయ్యి పెడితే
ఇంకా వెచ్చగనే ఉన్నది.
సంబురపడ్డ.
ఆవాలు, ఎండుమిరప, పల్లీలు, పసుపు.
సింతపండు అయిపోయింది,
రెండు నిమ్మకాయలు పిండిన.

ప్రార్థన నడుమ
ఏడో తరగతి లైను వంగింది.
ముందుగాల కేతావత్ శాంతి,
ఆమె ఎనక ఇంకో పద్దెనిమిది మంది.
అందరు బతికిండ్రు.
ఎవలకు చెప్పినా ముందు ఇదే చెప్త,
రాత్రి నిద్రపట్టక నాకు నేను చెప్పుకున్నా ఇదే.

నల్లగొండ నుంచి నుస్రత్ మేడం వచ్చింది.
తిట్లకు తయారై నిలబడ్డ. తిట్టలే.
సూదిలెక్క ఉన్న థర్మామీటరు తీసి
"ఎట్ల ఉడికించినవు?" అన్నది.
"కుతకుత ఉడికించిన మేడం, ఏ పురుగైనా సావాలె."
"పురుగు సస్తది. దాని గింజ సావదు."

ఇంకేదో పెద్ద పేరు గూడ చెప్పింది.
నాకు గింజే మిగిలింది.
మట్టిల నుంచి ఎన్నుకు, ఎన్ను నుంచి మిల్లుకు,
మిల్లు నుంచి నా గంజుకు
కంటికి కానరాకుంట వస్తదట.
మసిలే నీళ్లల్ల ఊపిరి బిగవట్టి కూసుంటదట.
మంట ఆరి, బువ్వ నులివెచ్చనైనంక
మొలుస్తదట.

నాకు తెల్వదా!
మా చెల్కల మూడేండ్లు వాన లేదు,
తుంగ సచ్చిందనే అనుకున్నం.
నాలుగో ఏడు ఒక్క జల్లు,
తెల్లారేసరికి ఆముదం సాళ్ల నిండ అదే.
అసొంటిదాన్ని
నేనే దుప్పటి కప్పి పండవెట్టిన.

"తాలింపుల మళ్ల వేడి చేసిన గద మేడం?"
"అది సచ్చినా అది ఉమ్మిన విషం సావదు."
మా ఊళ్ల కొందరి మాటలు గూడ అసొంటియే.
ఆ పొద్దు మాత్రం నవ్వు రాలే.

"మరి మా అవ్వ సద్ది?
రాత్రి బువ్వల మజ్జిగ పోసి పులియవెట్టేది,
అది తినే పెరిగినం."
"గట్టి పులుపు దానికి గిట్టదు.
నీ రెండు నిమ్మకాయలకు
అర గంజు బువ్వ లొంగుతదా?"

ఇప్పుడు కొలిచి వండుత.
అయినా మిగిలితే
వెడల్పు పళ్లాలల్ల రెండేళ్ల మందం పరిచి
ఫ్యాను కింద ఆరవెడ్త.
ఆవిరి పోంగనే ఫ్రిజ్‌ల.
ఆ ఫ్రిజ్ కోసం వార్డెన్‌తోని వారం కొట్లాడిన,
అందుల ఆమె నీళ్ల సీసాలు, మల్లెపూల పొట్లం ఉండేటివి.
అరవై మీద ఉంచు, లేకుంటే అయిదు లోపల ఉంచు.
గోడకు బొగ్గుతోని రాసుకున్న.
వేడి మంచిదే, సల్లన మంచిదే.
నడుమ ఉన్న ఆ వెచ్చదనాన్నే
నేనిన్నేండ్లు ప్రేమ అనుకున్న.

మొన్న ఒక పళ్లెం బయటనే మరిచిన.
రెండు గంటలు దాటింది.
పారబోసిన. కుక్కకు గూడ పెట్టలే.
చెయ్యి వణికింది,
అవ్వ చూస్తున్నట్టే అనిపించింది.

ఈ పొద్దు శాంతి పళ్లెం పట్టుకొని
ఆవిరి దిక్కే చూస్తున్నది.
"ఇప్పటిదేనా అక్కా?"
"ఇప్పటిదే."
ఒక మెతుకు తీసి ఊదుకొని
నోట్ల పెట్టుకున్నది.
గంటె పట్టుకొని
ఆమె మింగేదాక నిలబడ్డ.